మీసం ఉంటే మాస్కు ఆగదా? స్కూబా, స్నార్కెలింగ్ సామాన్లపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. సెలవులు దగ్గరపడుతున్నాయి. అండమాన్ టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు, పొద్దున్నుంచి ఫోన్లు ఆగడం లేదు. విశాఖ సముద్రంలో చాలా ఏళ్లుగా స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్లలోకి దిగడం, నేర్పుతున్న శిక్షకుడు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్కు, కాళ్లకు తొడిగే ఫిన్లు, తేలడానికి గాలి నింపుకునే జాకెట్... వీటిలో ఏది కొనాలి, మనకు సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నదే విషయం. మొదటి కాల్ శ్రీకాకుళం నుంచి. చెప్పండి సార్.

కాలర్ (శ్రీకాకుళం): నమస్కారమండి. పోయినేడు ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్లాం. హేవ్‌లాక్‌లో, అదే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు కదా, అక్కడ స్నార్కెలింగ్, అదే నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల పైనుంచి కిందికి చూడడం, చేయించారు. పడవవాళ్లు ఇచ్చిన మాస్కు పెట్టుకుంటే రెండు నిమిషాలకోసారి ముక్కులోకి ఉప్పునీళ్లు. చేపల్ని చూసింది తక్కువ, దగ్గింది ఎక్కువ. పట్టీ ఎంత బిగించినా ఆగలేదు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ఖరీదైన మాస్కు కొంటే ఆగుతుందాండి?

శిక్షకుడు: ముందు ఒక్క మాట చెప్పండి సార్. మీకు మీసం ఉందా?

కాలర్: (నవ్వుతూ) ఉందండి. కొంచెం పెద్దదే.

శిక్షకుడు: సగం జవాబు అక్కడే ఉంది. మాస్కు చుట్టూ మెత్తటి సిలికాన్ అంచు ఉంటుంది చూడండి, నీళ్లు ఆపేది అదే. అది చర్మానికి అంటుకుని ఉండాలి. మధ్యలో వెంట్రుక అడ్డం వస్తే ఆ సందులోంచి నీళ్లు వస్తాయి. మీసం మొత్తం తీయమనను, ముక్కు కింద అంచు ఆనే చోట కాస్త కత్తిరించుకుంటే చాలు. అదీ ఇష్టం లేకపోతే డైవింగ్ షాపుల్లో సిలికాన్ గ్రీజు దొరుకుతుంది, అక్కడ కొద్దిగా రాసుకోండి. వ్యాజిలీన్ లాంటివి వద్దు, రబ్బరు సామాన్లను పాడుచేస్తాయి.

కాలర్: పట్టీ బిగిస్తే ఆగాలి కదండీ మరి?

శిక్షకుడు: అందరూ చేసేదే ఇది. పట్టీ ఉన్నది మాస్కు జారిపోకుండా చూడడానికే. లోపలికి వెళ్లేకొద్దీ నీళ్ల ఒత్తిడే మాస్కును ముఖానికి నొక్కి పెడుతుంది. పట్టీ మరీ బిగిస్తే సిలికాన్ అంచు వంకర తిరిగి ఇంకా ఎక్కువ కారుతుంది, పైగా ముఖం మీద గంటసేపు పోని వలయం పడుతుంది. పట్టీ చెవుల పక్కగా కాదు, వాటికి పైగా, తల వెనక కాస్త ఎత్తులో ఉండాలి.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది ధర కాదు. షాపులో పట్టీని ముందుకు వేసేసి, తల కొంచెం పైకెత్తి, మాస్కును ఊరికే ముఖం మీద పెట్టండి. వెంట్రుకలన్నీ బయటికి తీసేయండి. అన్ని వైపులా ఆనిందా చూసి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి ఆపండి. చేయి తీసేస్తే మాస్కు పడిపోకూడదు. ఆ తర్వాత స్నార్కెల్ నోట్లో పెట్టుకుని ఇదే మళ్లీ చేయండి. నోట్లో ఏదైనా ఉంటే బుగ్గల ఆకారం మారుతుంది, అప్పుడు కారేవి కూడా ఉంటాయి. ఎంత ఖరీదైన మాస్కయినా ఈ పరీక్షలో పడిపోతే అది మీది కాదు, దాన్ని అక్కడే పెట్టేయండి.

యాంకర్: అద్దానికి ఆవిరి పట్టడం కూడా అందరూ చెప్పే ఫిర్యాదే.

శిక్షకుడు: కొత్త మాస్కయితే తప్పదు. తయారీలో అద్దం లోపల కంటికి కనబడని పొర మిగిలిపోతుంది. తెల్లటి టూత్‌పేస్ట్ రాసి, వేలితో బాగా రుద్ది కడగండి. జెల్ పేస్ట్ పనికిరాదు. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. నీళ్లలోకి దిగే ముందు మాత్రం పాత పద్ధతే, లోపల ఉమ్మి, రుద్ది, ఒక్కసారి నీళ్లలో ముంచి తీయడం. అసహ్యం అనుకునేవాళ్లకు నీళ్లు కలిపిన బేబీ షాంపూ ఉంది. నేనైతే ఉమ్మే వాడతాను.

యాంకర్: (నవ్వు) సరే. తర్వాతి కాల్ హైదరాబాద్, మియాపూర్ నుంచి.

కాలర్ (మియాపూర్): హలో మేడమ్. మా బాబుకు ఎనిమిదేళ్లు. ముఖం అంతా కప్పేసే మాస్కు ఉంటుంది కదా, పైన గొట్టంతో, అది ఆన్‌లైన్‌లో తెప్పించాను. నోట్లో ఏమీ పెట్టుకోనక్కర్లేదు, హాయిగా ముక్కుతోనే ఊపిరి తీసుకోవచ్చని రాశారు. పిల్లలకు అదే మంచిదా సార్?

శిక్షకుడు: నేనైతే ఇవ్వనమ్మా. దాని పేరు ఫుల్ ఫేస్ మాస్కు. మంచి రకం వాటిలో లోపలికి వచ్చే గాలికి ఒక దారి, వదిలిన గాలి బయటికి పోవడానికి ఇంకో దారి ఉంటాయి. కళ్ల దగ్గరి గదినీ ముక్కు దగ్గరి గదినీ వేరు చేసే లోపలి అంచు ముఖానికి సరిగ్గా ఆనితేనే ఆ ఏర్పాటు పనిచేస్తుంది. నాసిరకం వాటిలో, లేదా పెద్దల సైజు పిల్లలకు పెడితే, వదిలిన గాలే తిరిగి పీలుస్తారు. ఆయాసం, తలనొప్పి వస్తాయి. ఇంకో సంగతి, మామూలు స్నార్కెల్‌తో ఇబ్బంది పడితే నోట్లోంచి ఉమ్మేస్తే చాలు. ఇది తల వెనక పట్టీలతో ఉంటుంది, కంగారులో పిల్లవాడు పీకలేడు.

కాలర్: అయ్యో. మరి ఏం కొనమంటారు?

శిక్షకుడు: పిల్లల సైజు మామూలు మాస్కు, పిల్లల కోసం చేసిన సన్నటి స్నార్కెల్. పెద్దవాళ్ల గొట్టం ఇవ్వకండి. వదిలిన గాలి కొంత ఎప్పుడూ గొట్టంలో మిగులుతుంది, పిల్లల ఊపిరి చిన్నది కాబట్టి అది వాళ్లకు భారం. పైన లైఫ్ జాకెట్ తప్పనిసరి, చేయి అందేంత దూరంలో మీరు. ఈత గాగుల్స్ మాత్రం ఇచ్చి కిందికి దూకమనకండి. వాటిలో ముక్కు బయటే ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ కళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, ముక్కుతో గాలి వదిలి దాన్ని సరిచేసుకునే వీలుండదు. స్కూబా మాట తర్వాత చూద్దాం, సముద్రంలో ట్రయల్ డైవ్‌కు కూడా మామూలుగా పదేళ్లు నిండాలి.

కాలర్: మావారు గొట్టం పొడుగుది తీసుకుంటే కాస్త లోతుకు వెళ్లొచ్చంటున్నారు.

శిక్షకుడు: వద్దని చెప్పండమ్మా. స్నార్కెల్ 35, 40 సెంటీమీటర్లకు మించి ఉండకపోవడానికి కారణం ఉంది. నీళ్లు ఛాతీని నొక్కుతుంటాయి, పైనుంచి గాలి లాగాలంటే ఆ బరువును ఊపిరితిత్తులు ఎత్తాలి. అర మీటరు దాటితేనే కష్టం. సినిమాల్లో హీరో వెదురు గొట్టంతో చెరువులో గంటలు గంటలు దాక్కుంటాడు, అది సినిమా.

యాంకర్: మియాపూర్‌లో ఈ సాయంత్రం చిన్న వాదన జరిగేట్టుంది. కరీంనగర్ నుంచి కాల్.

కాలర్ (కరీంనగర్): సార్, నాకు సైట్ ఉంది, మైనస్ నాలుగున్నర. కర్ణాటకలో నెట్రాణి ద్వీపం వెళ్లి స్కూబా కోర్సు చేద్దామని. ఫుల్ సెట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నా, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, జాకెట్, అన్నీ.

శిక్షకుడు: ఈఎంఐ ఆపండి. ముందు మాస్కు ఒక్కటి కొనండి. మిగతావి కోర్సులో వాళ్లే ఇస్తారు. నాలుగైదు రకాలు వాడాక మీకేం కావాలో మీకే తెలుస్తుంది. రెగ్యులేటర్ కొంటే వాడినా వాడకపోయినా ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించాలి, అది కరీంనగర్‌లో ఎక్కడ చేయిస్తారు? ఇక కళ్లద్దాలు మాస్కులో ఇమడవు, కాడలు అంచును పైకి లేపేస్తాయి. అద్దాలు మార్చుకునే వీలున్న మాస్కులున్నాయి, వాటికి అర పాయింటు తేడాతో రెడీమేడ్ పవర్ అద్దాలు దొరుకుతాయి. నీళ్లలో వస్తువులు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పవర్ కాస్త తక్కువైనా ఫర్వాలేదు. మీ కళ్లద్దాల చీటీలో సిలిండర్ పవర్ కూడా ఉంటే రెడీమేడ్‌వి సరిపోవు, చేయించుకోవాలి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులతో కూడా దిగొచ్చు. మాస్కులో నీళ్లు తీసేసేటప్పుడు కళ్లు మూసుకోవాలి, అంతే.

యాంకర్: ఇప్పుడు మన విశాఖ నుంచే, జాలారిపేట నుంచి.

కాలర్ (జాలారిపేట): అన్నా, నమస్తే. నేను డైవింగ్ దగ్గర హెల్పర్‌గా చేరానన్నా ఈమధ్యే. మా నాన్న ఊపిరి బిగబట్టే దిగేవాడు, నాకు ఇవన్నీ కొత్త. వచ్చినవాళ్లకి బరువులు ఎంత కట్టాలో అర్థం కావట్లేదన్నా. ఎక్కువ కడితే మునిగిపోతున్నారు, తక్కువైతే తేలిపోతున్నారు.

శిక్షకుడు: మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. వల సంగతి నీకు తెలుసు కదా, పైన బెండ్లు, కింద సీసం గుళ్లు. రెండూ సరిపోతేనే వల నిలబడుతుంది. ఇదీ అంతే. మనిషికి అన్నీ తొడిగించి, జాకెట్‌లో గాలి మొత్తం తీసేసి, రెగ్యులేటర్ నోట్లో పెట్టించి, నీళ్లలో నిటారుగా, కాళ్లు ఆడించకుండా ఉండమను. మామూలు ఊపిరి తీసుకుని ఆపితే నీళ్లు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అప్పుడు బరువు సరైనది.

కాలర్: మరి మొదట్లో బాగానే ఉండి చివర్లో పైకి తేలిపోతున్నారన్నా?

శిక్షకుడు: గాలికి కూడా బరువుంటుంది. మనం వాడే అల్యూమినియం సిలిండర్ నిండా ఉన్నప్పుడు అందులో గాలే రెండు కిలోల పైన ఉంటుంది. అది వాడేసేసరికి సిలిండర్ తేలికైపోతుంది. అందుకే నిండు సిలిండర్‌తో చూస్తే ఇంకో రెండు కిలోలు కలుపు. స్విమ్మింగ్ పూల్‌లో లెక్క చూసుకుని వచ్చినవాళ్లకు ఆ లెక్క ఇక్కడ చాలదు, ఉప్పునీళ్లు ఎక్కువ తేలుస్తాయి. చలి ఆపే రబ్బరు సూటు, అదే వెట్‌సూట్, మందం పెరిగినా బరువు పెంచాలి. కానీ లెక్క ఎంత వచ్చినా ఆఖరి మాట మీ ఇన్‌స్ట్రక్టర్‌దే. నువ్వు కట్టి, ఆయనకు చూపించు.

కాలర్: జాకెట్ సైజు ఎలా చూడాలన్నా? ఒకాయనకి చెవుల దాకా లేచిపోయింది.

శిక్షకుడు: ఒడ్డునే పూర్తిగా గాలి నింపి చూడు. ఊపిరి ఆడాలి, ఛాతీ పట్టేయకూడదు. భుజాల పట్టీలు పట్టుకుని పైకి లాగితే కదలకూడదు. నడుము పట్టీ వదులైతేనే చెవుల దాకా లేస్తుంది. ఇంకొకటి, సిలిండర్‌కు బిగించే బెల్టు తడిసితే సాగుతుంది. ముందు తడిపి, తర్వాత బిగించు. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా కట్టామనుకుంటాం, నీళ్లలో సిలిండర్ జారిపోతుంది.

యాంకర్: ఫిన్ల గురించి కూడా చెప్పండి, కాళ్లు పట్టేస్తున్నాయని చాలామంది మెసేజ్‌లు పెట్టారు.

శిక్షకుడు: వేళ్లు ముడుచుకుపోతే చిన్నది, మడమ లేస్తుంటే పెద్దది. మరీ గట్టి ఫిన్లు తీసుకున్నా పిక్కలు పట్టేస్తాయి. పట్టేస్తే ఫిన్ చివర పట్టుకుని మీవైపు లాగండి, సర్దుకుంటుంది. పడవ మీంచి దూకేవాళ్లకు చెప్పుల్లా తొడిగేవి చాలు. మన రుషికొండ, మంగమారిపేట వైపు రాళ్ల మీద నడిచి దిగాలంటే మాత్రం బూటీలు, అంటే మెత్తటి రబ్బరు బూట్లు, వేసుకుని, వెనక పట్టీ ఉన్న ఫిన్లు వాడాలి.

యాంకర్: చివరి కాల్ మళ్లీ శ్రీకాకుళం నుంచే.

కాలర్ (శ్రీకాకుళం): నమస్తే అమ్మా. ఇందాక మీసం గురించి మాట్లాడినాయన మావారే. ఆయన సంగతి అలా ఉంచండి, నాకు ముక్కుపుడక ఉంది. మాస్కు పెట్టుకోవచ్చా?

శిక్షకుడు: పెట్టుకోవచ్చమ్మా, ముక్కు మొత్తం మాస్కు లోపలే ఉంటుంది. అంచు కింద పడకుండా చూసుకోండి. రాయి పెద్దగా పైకి ఉంటే, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు మూసినప్పుడు గుచ్చుకుంటుంది, ఆ పూటకు తీసేయడమే మంచిది. కమ్మలు, గాజులు గదిలోనే ఉంచండి. ఆ పూట తలకు నూనె పెట్టుకోకండి, ముఖానికి క్రీములూ వద్దు. నూనె ఉంటే మాస్కు జారుతుంది, అద్దం మసకబారుతుంది. కొప్పు కూడా మరీ పైకి కట్టుకోకండి, పట్టీ దాని మీద నిలవదు. ఎండకు పొడుగు చేతుల రాష్‌గార్డ్, అదే ఒంటికి అతుక్కునే ఈత చొక్కా, వేసుకోండి.

కాలర్: వెళ్లేలోపు ఇంట్లో చూసుకునే దారేమైనా ఉందా?

శిక్షకుడు: పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి, మాస్కు, స్నార్కెల్ పెట్టుకుని ముఖం ముంచండి. ఐదు నిమిషాలు నోటితోనే ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. కారుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. ఇద్దరూ చేయండి.

కాలర్: ఆయన అద్దం ముందు నిలబడి వింటున్నారు. ఏదో అడగమంటున్నారు. (వెనక నుంచి మగ గొంతు: అర అంగుళమా, ఇంకా ఎక్కువా అడుగు!)

శిక్షకుడు: అంతెందుకు సార్, ముక్కు కింద ఒక నాలుగైదు మిల్లీమీటర్లు చాలు. చివర్లు ముట్టుకోనక్కర్లేదు.