మేజోళ్ల సూదులు కొనేముందు

శ్రోతలకు నమస్కారం. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఊళ్లలో లేసు సూది పట్టని ఇల్లు ఉందా అంటే వెతుక్కోవాల్సిందే. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతగా చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఊలు మేజోళ్ల దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, కొన్న సూదులది. ఈ ఉక్కపోతలో ఊలు మేజోళ్లు ఎవరికి అంటారా? మనకు కాదు లెండి. కెనడాలో ఉన్న కూతురికి, ఢిల్లీ చలిలో చదువుకుంటున్న మనవడికి.

లేసు సూది మీద ఎప్పుడూ ఒకటో రెండో కుట్లు, అంతే. మేజోడుకు అలా కాదు, చుట్టూ ఉన్న కుట్లన్నీ ఒకేసారి సూదుల మీదే ఉంటాయి. మధ్యలో అతుకు వస్తే బూటులో కాలికి ఒత్తుకుంటుంది కాబట్టి గొట్టంలా గుండ్రంగా అల్లుకుపోవాలి. కుట్లు ఒక కొసన ఎక్కి రెండో కొసన దిగాలి. అందుకే రెండు వైపులా మొన ఉన్న పొట్టి సూదులు కావాలి. ఒక చివర గుండీ ఉన్న స్వెట్టరు సూదులు ఇక్కడ పనికిరావు.

ఇవి నాలుగేసి, ఐదేసి సెట్లుగా దొరుకుతాయి. ఐదు సూదుల సెట్టే తీసుకోండి. నాలుగు సూదులైతే కుట్లు మూడింటి మీద ఉంటాయి, నాలుగోది అల్లడానికి. అప్పుడు మేజోడు చేతిలో త్రికోణంలా నిలబడుతుంది. ఐదైతే కుట్లు నాలుగింటి మీద సర్దుకుని చదరంగా ఉంటాయి. తేడా ఎక్కడ వస్తుందంటే, రెండు సూదులు కలిసే మూలలో. మూల ఎంత ఇరుకైతే అక్కడి రెండు కుట్ల మధ్య ఊలు అంత సాగుతుంది. ఒక వరుసలో అది కనిపించదు. ఇరవై వరుసలు అయ్యాక చూస్తే పైనుంచి కిందికి నిచ్చెన మెట్లలా ఒక సందు పడి ఉంటుంది. చాలామంది ఆ మూలలో మొదటి కుట్టును గట్టిగా లాగి సరిపెట్టాలని చూస్తారు. లాగాల్సింది రెండో కుట్టును. మొదటిది మామూలుగా అల్లి, రెండోదాంట్లో సూది దూర్చాక ఊలును బిగిస్తే ఆ బిగింపు వెనక్కి మూల దాకా పోతుంది. అప్పటికీ సందు పోకపోతే, నాలుగైదు వరుసలకోసారి రెండేసి కుట్లను పక్క సూదిమీదికి జరపండి. మూల ఒకేచోట ఉండకుండా తిరుగుతుంది, సందూ పడదు.

ఇక పొడవు. బజారులో 10, 15, 20 సెంటీమీటర్లవి ఉంటాయి. పెద్దవాళ్ల మేజోళ్లకు 15 సరిగ్గా సరిపోతుంది. 20 అయితే ఖాళీ కొసలు చీర కుచ్చిళ్లకీ, గాజులకీ తగులుతుంటాయి. 10 సెంటీమీటర్లది చేతికి ముద్దుగా ఉంటుంది గానీ మడమ దగ్గర ఇబ్బంది పెడుతుంది. మడమ పలక, అంటే మడమ వెనక భాగం, అల్లేటప్పుడు మొత్తం అరవై కుట్లలో సగం, అంటే ముప్ఫై, ఒకే సూది మీదికి వస్తాయి. ముప్ఫై కుట్లంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లు దాకా. ఇక జారడానికి మిగిలేది అర సెంటీమీటరే! పది సెంటీమీటర్ల సూదులను చేతి తొడుగుల వేళ్లకు ఉంచుకోండి.

అసలు చిక్కంతా లావు దగ్గర. ఇక్కడ కాస్త కాగితం, పెన్ను పక్కన పెట్టుకోండి. పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 14 అంటే 2 మిల్లీమీటర్లు, 13 అంటే 2.25, 12 అంటే 2.75, 11 అంటే 3. అమెరికా లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. వాళ్ల 1 అంటే 2.25, వాళ్ల 2 అంటే 2.75. అమెరికా నుంచి కోడలు పంపిన నమూనాలో ‘రెండో నంబరు’ అని చదివి పాత లెక్కలో రెండో నంబరు కొన్నారనుకోండి, పెన్సిలంత లావు సూది, 7 మిల్లీమీటర్లది, చేతికొస్తుంది. అందుకని కొట్లో నంబరు అడగొద్దు, మిల్లీమీటర్లు అడగండి. 2.5 మిల్లీమీటర్లది పాత బ్రిటిష్ నంబర్లలో లేదు. మనకు ఎక్కువగా అక్కరకొచ్చేది అదే.

కవరు మీద ముద్ర చెరిగిపోయిందా? ఐదు సూదులనూ పక్కపక్కన, సందు లేకుండా బల్లమీద పేర్చి, అడ్డంగా స్కేలు పెట్టండి. మొత్తం పన్నెండున్నర మిల్లీమీటర్లు వస్తే ఒక్కొక్కటి 2.5. పదకొండుకు కాస్త ఎక్కువ వస్తే 2.25. పద్నాలుగుకు కాస్త తక్కువైతే 2.75. ఒక్క సూదిని కొలిస్తే కన్ను మోసపోతుంది, ఐదింటిని కలిపి కొలిస్తే పోదు. ఆ పేర్పు మీద అరచేయి పెట్టి నిమిరినప్పుడు ఒకటి ఎత్తుగా తగిలితే ఆ సెట్టు తిరిగి ఇచ్చేయండి. వెదురు సూదుల్లో ఈ తేడా ఎక్కువ. తర్వాత ఒక్కొక్కదాన్నీ అద్దం బల్లమీద దొర్లించండి. వంకర ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది.

ఈ పావు, అర మిల్లీమీటర్ల గొడవ ఎందుకో చూడండి. పాదం చుట్టుకొలత 21 సెంటీమీటర్లు అనుకుందాం. మేజోడు కాలిని పట్టి ఉండాలంటే పదోవంతు తగ్గించి 19కి అల్లాలి. మేజోళ్ల కోసం అమ్మే ఫోర్ ప్లై ఊలు, డెబ్బై ఐదు పాళ్లు ఊలు, పాతిక పాళ్లు నైలాను, వంద గ్రాములకు నాలుగు వందల మీటర్లు ఉండేది, 2.5 సూదితో పది సెంటీమీటర్లకు సుమారు 32 కుట్లు ఇస్తుంది. 19కి లెక్క కడితే 60 కుట్లు. సూదికి పదిహేను. అదే ఊలు లావు సూదితో వదులుగా అల్లి 28 కుట్లే వచ్చాయనుకోండి, ఆ 60 కుట్లే 21న్నర సెంటీమీటర్లు దాకా అవుతాయి. అంటే కాలంత మేజోడు. నాలుగడుగులు వేసేసరికి బూటులోకి దిగిపోతుంది, వదులు అల్లిక కాబట్టి మడమ దగ్గర త్వరగా అరిగిపోతుంది కూడా. నమూనా ముక్క అల్లి చూసుకునేవాళ్లు దాన్ని కూడా గుండ్రంగానే అల్లండి. ముందుకీ వెనక్కీ అల్లితే మధ్యలో పర్ల్ వరుసలు, అంటే తిరగేసి అల్లే వరుసలు, వస్తాయి. చాలామందికి అవి వదులుగా పడతాయి, లెక్క తప్పుతుంది.

లేసు అల్లినవాళ్లకు దారం బిగించి పట్టే అలవాటు ఉంటుంది. వాళ్లకు 2.5తో బట్ట అట్టలా గట్టిగా వస్తే 2.75కి వెళ్లండి. వేళ్లు నొప్పి పుట్టేలా వదులు చేయాలని చూడొద్దు.

దేనితో చేసినవి కొనాలి అంటే, మన వాతావరణాన్ని బట్టి చెప్పాలి. వెదురు సూది కుట్టును పట్టుకుంటుంది, జారనివ్వదు, కొత్తవాళ్లకు మంచిది. కానీ మే నెలలో చెయ్యి చెమర్చితే అదే పట్టు అతిగా అయి ఊలు ముందుకు కదలదు, అక్రిలిక్ దారం అయితే మరీను. సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, కొంచెం కొవ్వొత్తి మైనం రాసి, పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే కొంత నయం. 2 మిల్లీమీటర్ల వెదురు మాత్రం మంచం మీద మరిచిపోయి కూర్చుంటే పుటుక్కుమంటుంది. అల్యూమినియం చవకే గానీ తెల్ల ఊలు మీద బూడిదరంగు మరక వేస్తుంది, సన్నవి వంగుతాయి. నికెల్ పూత ఉన్నవి మొదట్లో నున్నగా ఉంటాయి, చెమటకు పూత పోయాక గరుకెక్కుతాయి. బిగింపు చెయ్యి ఉన్నవాళ్లకు మన గోదావరి డెల్టాలో స్టెయిన్‌లెస్ స్టీలుకే నా ఓటు. తుప్పు పట్టదు, కుట్లు జారుతూ కదులుతాయి. వదులు చెయ్యి ఉన్నవాళ్లకు మాత్రం వద్దు, సూదే కుట్లలోంచి జారి కింద పడుతుంది.

మొన కూడా చూసుకోండి. మరీ వాడిగా ఉంటే మెలిక తక్కువ ఉన్న ఊలు పోగులను చీల్చి మధ్యలోంచి దూరుతుంది. మొద్దుగా ఉంటే బిగుతు కుట్టులోకి వెళ్లదు. సైకిల్ స్పోకులు అరగదీసి వాడుకుందామని అనేవాళ్లూ ఉన్నారు. పూత ఊడిన చోట తుప్పు పట్టి ఊలుకు అంటుతుంది, ఆ ఆదా ఎందుకు?

సూదులు వచ్చాక మొదటి పని. అరవై కుట్లూ ఒకే సూది మీద వేయకండి. రెండు సూదులు కలిపి పట్టుకుని వేస్తే అంచు సాగుతుంది, మడమ దాటేటప్పుడు బిగుసుకోదు. తర్వాత ఒకటి లాగేసి, కుట్లను నాలుగు సూదులకు పదిహేనేసి పంచండి. చదరంగా బల్లమీద పరిచి, అంచు మొత్తం లోపలివైపే ఉందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి. ఒక్కచోట మెలిక పడినా ఆ మెలిక చివరిదాకా ఉండిపోతుంది, విప్పడం తప్ప దారి లేదు. ఊలు ఉండ కుడిచేతి సూది చివరి కుట్టు నుంచి వేలాడుతూ ఉండాలి. ఐదో సూదితో ఎడమచేతి సూది మొదటి కుట్టు అల్లి, రెండోదాంట్లో బిగించండి. ఆ కలిసిన చోట రంగు దారం ముక్క ఒకటి కట్టుకుంటే వరుస ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.