‘ఏ ర్రా’ అంటే ‘అవునండీ’ అని

అందరికీ నమస్కారం. ఆఫ్రికా గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకు పట్టదు. నాకు తెలిసింది బోట్స్వానా, అందులోనూ రాజధాని గాబరోన్. 2014 నుంచి 2019 దాకా అక్కడ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూశాను. సింహాల కబుర్ల కోసం వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, నేను సింహాన్ని చూసింది ఒక్కసారే. అది కూడా నిద్రపోతోంది.

మొదటిరోజు ఆఫీసులో పక్క సీటు కుర్రాణ్ణి ఫైలు వచ్చిందా అని అడిగాను. ‘ఏ ర్రా’ అన్నాడు. నాకు పదిహేనేళ్ల సర్వీసు, వాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో, నన్ను పట్టుకుని ‘ఏరా’ అంటాడా! సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. తర్వాత ఎవరో చెప్పారు. సెట్స్వానా భాషలో ‘ఏ’ అంటే అవును, ‘ర్రా’ అంటే అయ్యా. ఆడవాళ్లనైతే ‘మ్మా’ అంటారు. అది మనకి ఒకరు నేర్పక్కర్లేదు.

నిజానికి ఆరోజు మర్యాద తప్పింది నేనే. అక్కడ ‘డుమేలా ర్రా’, ‘డుమేలా మ్మా’ అని నమస్కారం చెప్పకుండా పని మాట ఎత్తకూడదు. మా ఆఫీసులో టీ ఇచ్చే పెద్దావిడ ఉండేవారు. నేను నేరుగా టీ అడిగితే కప్పు పక్కన పెట్టి, ‘మనం ఈ పొద్దున ఇదివరకే కలిశామా ర్రా? డుమేలా చెప్పినట్టు నాకు గుర్తులేదే’ అన్నారు. ఆ తర్వాత పెట్రోలు బంకులోనైనా సరే, ముందు డుమేలా, తర్వాతే పెట్రోలు.

మొదటి ఏడాది నా శనాదివారాలు ఎలా గడిచాయో చెబితే నవ్వుతారు. శనివారం మనవాళ్ల షాపులో కందిపప్పు, చింతపండు. తర్వాత వేంకటేశ్వరస్వామి గుడి. ఆదివారం ఎవరింట్లోనో భోజనం, పేకాట, ఇండియా రాజకీయాలు. ఊరి చివరే ఖాలే కొండ ఉంది. అక్కడి జనం పొద్దున్నే ఎక్కి దిగుతారు. మేము దాన్ని కిటికీలోంచి చూశాం. పదేళ్లున్నా ఇంతకు మించి చూడనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తప్పని నేననను. డబ్బు దాచుకోవడానికే కదా వెళ్లాం. కానీ దాని కోసమైతే ఏ దేశమైనా ఒకటేగా.

నాకా దేశం గేటు తెరిచింది ఒక చావు. టీ ఇచ్చే ఆ పెద్దావిడ వాళ్లమ్మ పోయారు. అక్కడ అంత్యక్రియలు మామూలుగా శనివారం తెల్లవారుజామున చేస్తారు. అంతవరకూ వారమంతా సాయంత్రాలు ఆ ఇంట్లో ప్రార్థనలు. ఆఫీసువాళ్లు వెళ్లకపోతే బాగోదన్నారు. వాళ్ల ఊరు గాబరోన్‌కి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మోలెపోలోలే. చీకట్లో లేచి వెళ్లాను, పొట్టి చేతుల చొక్కా వేసుకుని. గుమ్మంలోనే ఒకాయన ఆపాడు. మగవాళ్లకి కోటు ఉండాలి, ఆడవాళ్లు భుజాలు కప్పుకోవాలి. నేను బిక్కమొహం వేస్తే, ఎవరో ముసలాయన తన కారులోంచి ఇంకో కోటు తెచ్చి తొడిగాడు. చేతులు నా వేళ్ల చివరి దాకా వచ్చాయి, నాఫ్తలీన్ ఉండల వాసన. పొద్దు పొడిచేసరికి శ్మశానంలో ఉన్నాం. అక్కడ గుంత పూడ్చడానికి కూలివాళ్లుండరు. మగవాళ్లు వంతులవారీగా పార పట్టుకుంటారు. నా చేతికీ ఇచ్చారు. నాలుగు పారలు మట్టి వేసేసరికి ఆయాసం వచ్చింది. పక్కనున్నతను ఏమీ అనకుండా పార తీసుకున్నాడు.

సోమవారం ఆవిడ టీ తెచ్చి, డుమేలా నేను చెప్పకముందే తనే చెప్పారు.

ఆ తర్వాతే పిలుపులు మొదలయ్యాయి. నెలాఖరుకి జీతాలు పడగానే గాబరోన్ సగం ఖాళీ అవుతుంది. మనం సంక్రాంతికి ఊరెళ్లినట్టు వాళ్లు నెలనెలా వెళతారు. ఊళ్లో ఇల్లు, దూరంగా పొలం, ఇంకా దూరంగా పశువుల మంద ఉండే చోటు. ఆ చోటుని ‘మొరాకా’ అంటారు. మా ‘ఏ ర్రా’ కుర్రాడే నన్ను వాళ్ల మొరాకాకి తీసుకెళ్లాడు. బోరు, ముళ్లకంప దడి, మూడు కాళ్ల ఇనుప కుండ, అంతే. అతను సిటీలో టై కట్టుకుని ఎక్సెల్ చేస్తాడు, అక్కడ ప్రతి ఆవునీ పేరుపెట్టి పిలిచాడు. మీకు ఎన్ని ఆవులున్నాయి అన్నాను. నవ్వి, ‘మీ బ్యాంకు బ్యాలెన్స్ ఎంత ర్రా?’ అన్నాడు. ఇంకెప్పుడూ ఎవర్నీ అడగలేదు. నేను గొడ్డుమాంసం తిననంటే, బొబ్బర ఆకు కూర, పులియబెట్టిన జొన్నపిండితో సంకటి పెట్టారు. మా అమ్మమ్మ అంబలి గుర్తొచ్చి రెండోసారి వడ్డించుకున్నాను.

దేశం ఎంతంటే, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే దానికి రెట్టింపు పైనే. జనం మాత్రం మన పాత పశ్చిమ గోదావరి జిల్లా అంత కూడా లేరు. అందుకే రోడ్డు ఎక్కితే గంటలకొద్దీ మనిషి కనబడడు. గాడిదలు, ఆవులు కనబడతాయి, అదీ చీకట్లో సరిగ్గా బానెట్ ముందు. రాత్రి బండి నడపొద్దని అందరూ అనేది సింహాల భయంతో కాదు, గాడిదల భయంతో.

2016 సెప్టెంబరు 30కి వాళ్లకి స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లు. ఆ సెలవులకి కుటుంబంతో ఉత్తరాన కసానే వెళ్లాం, 900 కిలోమీటర్లకు పైనే. దారిలో మకర రేఖ బోర్డు దగ్గర ఫోటో దిగాం. నాటా దాటాక చివరి 300 కిలోమీటర్లలో ఏనుగులు రోడ్డు దాటుతుంటే ఇంజిన్ ఆపి కూర్చోవడమే. చోబే నది ఒడ్డున చూసిన ఏనుగుల్ని లెక్కపెట్టడం మావాడు అరవై దగ్గర మానేశాడు. విక్టోరియా జలపాతం కూడా చూశాం. దాని గురించి చెప్పను, ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. కజుంగులా రేవు గురించి చెబుతాను. జాంబేజీ నది దాటాలంటే అప్పుడు పంటు పడవే దిక్కు, మన సఖినేటిపల్లి రేవులో లాగే. కాకపోతే ఇక్కడ మోటారు సైకిళ్లు ఎక్కుతాయి, అక్కడ పెద్దపెద్ద లారీలు ఎక్కేవి. పక్కనే వంతెన కడుతున్నారు. 923 మీటర్ల ఆ వంతెన 2021లో తెరిచారట, నేను వచ్చేశాక.

తిరుగు ప్రయాణంలో డుక్వి గేటు దగ్గర పోలీసులు కాదు, పశువుల శాఖవాళ్లు ఆపారు. అడవి దున్నల నుంచి ఆవులకి గాలికుంటు అంటకుండా ఈ గేట్లు పెట్టారు. వాళ్ల గొడ్డుమాంసం యూరప్‌కి వెళుతుంది మరి. కారు చక్రాలు మందునీళ్లలోంచి పోనివ్వాలి, మనుషులు తడిగుడ్డ మీద చెప్పులు అద్దాలి. డిక్కీలో ఉన్న చెప్పులు కూడా తీయమన్నారు. మా ఆవిడ పెళ్లికని కొనుక్కున్న కొత్త జోడు తీసి, వాటిని ఆ మందులో ముంచుతూ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు.

నీళ్ల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి, నీళ్లు చూడ్డానికి టూరు వెళతానని ఎప్పుడూ అనుకోలేదు. 2015లో గాబరోన్ డ్యామ్ ఎండిపోయింది. బకెట్లు, డ్రమ్ములు, కుళాయి వచ్చే రోజు కోసం కాచుకోవడం, అదో టెన్షన్. 2017 ఫిబ్రవరిలో మొజాంబిక్ వైపు నుంచి డినియో తుఫాను వర్షాలు తెచ్చింది, డ్యామ్ నిండింది. ఆ ఆదివారం ఊరు ఊరంతా కట్ట మీదే. వాళ్ల డబ్బుని ‘పులా’ అంటారు. పులా అంటే వాన. ఒక ముసలావిడ నీళ్లకేసి చూస్తూ ‘పులా!’ అని అరిస్తే, గట్టు పొడవునా జనం అందుకున్నారు. మేమూ అరిచాం.

2019లో వచ్చేశాం. మావాడి చిన్నతనమంతా అక్కడే గడిచింది. ఇంటికొచ్చిన రోజు మా నాన్నగారు ‘అన్నం తిన్నావా’ అని అడిగితే, వాడు ఎంతో మర్యాదగా చేతులు కట్టుకుని ‘ఏ ర్రా’ అన్నాడు. ఆయన నా వైపు చూశారు. నేను గంటసేపు అంతా విడమరిచి చెప్పాను. అన్నీ విన్నారు. ఇప్పుడాయన ఫోన్‌లో నేను ఏం అడిగినా ‘ఏ ర్రా’ అంటారు. అది ఏ భాషలో అంటున్నారో మాత్రం చెప్పరు.