తమ్ముడికి జ్వరమని అబద్ధం చెప్పే అక్క కోసం

(తెర మీద: గాజువాకలో ఒక ఇల్లు. ఇంకా తెల్లారలేదు. స్టవ్ మీద పాలు. ఫోన్ మోగుతుంది.)

"అక్కా, ఇవాళ షిఫ్ట్‌కి వెళ్లలేను. సూపర్‌వైజర్‌కి జ్వరమని చెప్పవా?"

తమ్ముడికి రాత్రి తాగినది ఇంకా దిగలేదు. అక్క పాలు దించి ఫోన్ కలుపుతుంది. "సార్, మా తమ్ముడికి ఒళ్లు కాలిపోతోంది సార్..." పోయిన నెల వాడి బండి ఈఎంఐ కట్టింది కూడా ఆవిడే.

(వ్యాఖ్యానం)

ఇది ఊహించి రాసిన సీనే. కానీ ఇలాంటి అక్క మీకూ తెలిసే ఉంటుంది.

ఎదుటివాళ్ల సమస్య మోయడమే మన బతుకైపోతే దాన్ని కోడిపెండెన్సీ అంటున్నారు. డాక్టర్లు వాడే మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎమ్‌లో ఇది జబ్బుగా లేదు. తాగుడున్న ఇళ్లను చూసి గుర్తించిన ఒక అలవాటు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ అనే సహాయ బృందాల్లో మూడు మాటలు చెప్పుకుంటారు: ఈ తాగుడు నావల్ల రాలేదు, నా అదుపులో లేదు, నేను నయం చేయలేను.

ఇక్కడే మనవాళ్లు "గుండె రాయి చేసుకో" అని సలహా ఇస్తారు. నాకు ఆ సలహా నచ్చదు. తలుపేసి "నీ చావు నువ్వు చావు" అనడం కోపం. రేపు కోపం చల్లారగానే మళ్లీ ఈఎంఐ కట్టేస్తాం. వదలాల్సింది తమ్ముణ్ణి కాదు, వాడు చేసినదాన్ని కప్పిపుచ్చే పనిని.

(తెర మీద: అదే వంటగది, ఇంకో రోజు.)

"అబద్ధం చెప్పలేనురా. నువ్వే మాట్లాడుకో. సాయంత్రం భోజనానికి రా. ఆసుపత్రికి వెళ్దామంటే సెలవు పెట్టి వస్తాను."

(వ్యాఖ్యానం)

గమనించారా? ఫోన్ చేయనంది, అన్నం పెడతానంది. వాడి కూతురి ఫీజు కట్టాలనిపిస్తే డబ్బు వాడి చేతికివ్వక్కర్లేదు, స్కూల్లోనే కట్టొచ్చు. జాలికి ఇలాంటి దారులు చాలా ఉన్నాయి. కాకపోతే వాటిలో మనకు "నువ్వే లేకపోతే ఏమైపోయేవాణ్ణో అక్కా" అన్న మెప్పు రాదు. నిజం చెప్పాలంటే వదులుకోవడానికి కష్టమైంది అదే.

వాడికంటే ముందు అమ్మ అడుగుతుంది: "తోడబుట్టినవాడు, నీకు జాలి లేదా?" వాదించకండి. "వాడంటే నాకూ ప్రాణమే అమ్మా. అబద్ధం మాత్రం చెప్పను" అంటే చాలు. ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. తప్పు చేశానన్న బాధ ఉన్నంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. వాడి ఉద్యోగం పోతే? పోవచ్చు. అది ముందే ఆలోచించుకుని, మాట మీద నిలబడగలిగినంత వరకే చెప్పండి.

కొన్నిచోట్ల మాత్రం ఎడంగా ఉండకూడదు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావొచ్చు, ప్రాణానికే ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయండి. చచ్చిపోతానంటే బెదిరింపని కొట్టిపారేయకుండా పక్కనే ఉండి 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చేయి చేసుకుంటుంటే మాత్రం ముందు మీరు ఆ ఇంట్లోంచి బయటపడండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. తమ్ముడు రానన్నా, అక్క ఒక్కతే వెళ్లి తన టెన్షన్ గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు.