చేప పట్టినందుకు నాన్నను పట్టుకెళ్లారు

ఊరి పక్క ఏట్లో సాల్మన్ చేపలు పట్టాడని పోలీసు ఇంటికొచ్చి నాన్నను తీసుకెళ్లిపోయాడు. దాదాపు తొంభై ఏళ్ల కిందట, జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో, నిబుతాని అనే ఊళ్లో జరిగిందిది. ఆ పిల్లాడు కయానో షిగెరు. 1994లో జపాన్ పార్లమెంటుకు వెళ్లిన మొదటి ఐనూ ఆయనే. తాతల నాటి ఏట్లో చేప పట్టడం నేరం ఎప్పుడైంది? ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ఐనూలు హొక్కైడో మూలవాసులు. 1869లో అప్పటి జపాన్ సర్కారు, అంటే మెయిజీ ప్రభుత్వం, ఆ దీవిని పూర్తిగా తనలో కలిపేసుకుంది. పేరు మార్చింది. ఆ నేలకు సొంతదారులే లేనట్టు లెక్క రాసుకుని, దక్షిణం నుంచి జనాన్ని తెచ్చి దింపింది.

సాల్మన్ లేనిదే ఐనూల ఇల్లు గడిచేది కాదు. చలికాలం తిండి అదే, మంచులో నడవడానికి బూట్లు కుట్టుకున్నదీ దాని తోలుతోనే. మారెక్ అనే కొక్కెం ఈటెతో పట్టి, ఎండబెట్టి, పొయ్యి పైన పొగకు వేలాడదీసేవాళ్లు. ఒక్క విషయం గమనించండి. నిల్వకు వాళ్లు ఏరుకునేది గుడ్లు పెట్టేసిన చేపల్నే. వాటిలో కొవ్వు తక్కువ కాబట్టి పాడవకుండా ఎక్కువ రోజులు ఉంటాయి. అంటే చేపల సంతతికి దెబ్బ తగలదు.

1878లో హొక్కైడోలోని సప్పొరో పట్నం చుట్టుపక్కల నదుల్లో సాల్మన్ వేట నిషేధించారు. తర్వాత మిగతా నదులకూ ఆంక్షలు పాకాయి. ఎందుకయ్యా అంటే చేపల్ని కాపాడటానికట! సరిగ్గా ఏడాది ముందు, 1877లో, ఇషికారి నది సముద్రంలో కలిసే చోట అదే ప్రభుత్వం సాల్మన్‌ను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ తెరిచింది. చేప తగ్గడానికి కారణం ఎవరో మీరే ఆలోచించండి.

పోనీ జింకలున్నాయి కదా అంటారా? వత్సనాభి విషం పూసిన బాణాలతో వేటాడేవాళ్లు. 1876లో ఆ బాణాలూ బంద్. 1879లో విపరీతంగా మంచు కురిసి జింకలు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 1889 నాటికి జింకల వేటే నిషేధం. ఆకలి చావులు మొదలయ్యాయి.

అంతకుముందే, 1871లో, ఆడవాళ్లు మూతి చుట్టూ వేయించుకునే పచ్చబొట్టు వద్దన్నారు, మగవాళ్లు చెవిపోగులు పెట్టుకోవద్దన్నారు. మన ఇంట్లో పిల్ల ముస్తాబు గురించి సర్కారు జీవో ఇచ్చినట్టే. తర్వాత జపనీస్ పేర్లు, జపనీస్ బడి.

1899లో ఐనూల ‘సంరక్షణ’ చట్టం తెచ్చారు. వ్యవసాయం చేసుకోమని కుటుంబానికి ఐదు హెక్టార్ల దాకా, అంటే సుమారు 12 ఎకరాలు ఇస్తామన్నారు. వలస వచ్చినవాళ్లకు 1886 నుంచే 33 హెక్టార్ల దాకా దొరుకుతోంది. మంచి నేల చాలావరకు వాళ్లే తీసేసుకున్నారు. పదిహేనేళ్లలో సాగు చేయకపోతే ఐనూల భూమి వెనక్కి. వేటాడి బతికినవాళ్ల చేతికి బురద నేల ఇచ్చి దున్నమంటే ఏం పండిస్తారు? ఆ చట్టం రద్దయింది 1997లో. నమ్మబుద్ధి కాదు నాకైతే.

2019లో కొత్త చట్టం ఐనూలను మూలవాసులుగా గుర్తించింది. చేప హక్కు మాత్రం ఇవ్వలేదు. పూజ కోసం ఏట్లో సాల్మన్ పట్టాలన్నా అధికారుల పర్మిషన్ కావాలి. అదే ఏడాది హొక్కైడోలోని మొంబెత్సు ఊళ్లో ఒక ఐనూ పెద్దాయన పర్మిషన్ లేకుండా పడితే పోలీసులు కేసు పెట్టారు. హొక్కైడోలోనే ఉరహొరో అనే ఊరి ఐనూలు తమ ఏట్లో వేట హక్కు కోసం 2020లో కోర్టుకెక్కారు. 2024 ఏప్రిల్‌లో సప్పొరో జిల్లా కోర్టు ఆ కేసు కొట్టేసింది.