పిల్ల బడికి పోకపోతే ఇక్కడ ఎవలికి రాయాలె? అమ్మ అడిగింది

నమస్తే అందరికి, ఈ వీడియో నకిరేకల్‌ల ఉన్న మా అమ్మకు, వదినలకు. మొన్న ఫోన్ల అమ్మ అడిగింది, పిల్లకు జ్వరమొచ్చి బడికి పోలేదంటివి గద, లీవ్ లెటర్ ఎవలితోని పంపినవ్ అని.

అమ్మా, ఇక్కడ డాలస్‌ల పక్కింటి పిల్లతోని పంపుడు ఉండది. పొద్దున్నే నేనే ఈమెయిల్ పెట్టాలె, అది హెడ్మాస్టర్ దాక పోదు, అటెండెన్స్ ఆఫీసని వేరే ఉంటది. మరిచిపోతే మీ పిల్ల రాలేదని మిషిన్ ఫోన్ చేస్తది. టెక్సాస్‌ల నాలుగు వారాలల్ల మూడు రోజులు కారణం చెప్పకుంట పోకపోతే నోటీసొస్తది, సబ్జెక్టుకు క్రెడిట్, అంటే ఆ సబ్జెక్టు చదివినట్టు లెక్క, రావాలంటె 90 శాతం హాజరుండాలె. అందుకే డాక్టర్ కాయితం తెద్దామని పోతే 50 డాలర్లు, మన పైసలల్ల నాలుగు వేల పైనే, మందు గూడ రాయలే, నీళ్లు మంచిగ తాగమన్నడు.

వచ్చేటప్పుడు నిమ్మకాయలకు దుకాణంల ఆగిన. ఇక్కడ లెమన్ అంటే పసుపుపచ్చగ, తోలు మందం, మన వాసన రాదు. లైమ్ అని పచ్చగ చిన్నయి ఉంటయి, గవ్వే కొంచెం మన కాయ తీరు. నకిరేకల్ మార్కెట్ల బస్తాలకు బస్తాలు చూసి పెరిగినదాన్ని, ఒక్కొక్క కాయ లెక్కవెట్టి కొంటుంటె మనసు ఎట్లనో అయింది.

సరే, అసలు సంగతి. జ్వరం తగ్గి పోయినంక పెద్దదానికి లెక్కల పేపర్ ఇచ్చిన్రు, ఒక లెక్క కరెక్టే చేసింది గని మార్కులు పడలే. నేను అడుగుదునా అంటే వద్దమ్మా అని తానే టీచర్‌కు ఈమెయిల్ రాసింది. హలో అని పేరు వెట్టి, ఏడో ప్రశ్నల నా స్టెప్పులు ఇవి, ఒక్కసారి చూస్తరా, థాంక్యూ అని నాలుగే లైన్లు. తెల్లారి జవాబొచ్చింది, తప్పు నాదే, మార్కులు కలిపిన, అడిగినందుకు థాంక్స్ అని. నేను రెండు సార్లు చదివిన. తొమ్మిదో తరగతి పిల్లకు సారు థాంక్స్ చెప్పుడు!

మేం జిల్లా పరిషత్ హైస్కూల్ల చదివినప్పుడు గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, ఆర్యా, అని మొదలువెట్టి ఇట్లు తమ విధేయురాలు దాక తప్పు లేకుంట రాసేటోళ్లం. ఆ రాత నాకిప్పటికీ ఇష్టమే, పెద్దోళ్లకు ఎట్ల రాయాలెనో దాంతోనే తెలిసింది. గని మార్కులు తక్కువేసిన్రు సారూ అని అడగనీకె నోరు రాలే, కాయితం మీద గూడ రాలే. అట్ల రెండు పరీక్షలల్ల మార్కులు పోగొట్టుకున్న, ఇప్పటికీ బాధనే.

ఇంకొకటి చెప్పాలె. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాకపోతే బడోళ్లే వాళ్ల భాషల చెప్పే మనిషిని పైసలు తీసుకోకుంట పెట్టాలె ఇక్కడ, 1964 పౌరహక్కుల చట్టం కింద వచ్చిన హక్కది. అది తెలిసిన దినం నాయిన యాదికొచ్చిండు. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసి, ఏం రాసిన్రు బిడ్డా అని నన్నే అడుగుతుండె, సారుతోని మాట్లాడనీకె బడి గేటు దాక వచ్చి మళ్లిపోయిండు.

అమ్మా, ట్రంకు పెట్టెల నా పదో తరగతి కార్డు ఉంటది, అన్నకు చెప్పి ఆ వేలిముద్ర ఫోటో తీపియ్యి, వాట్సాప్‌ల పంపుమను. పెద్దదానికి చూపియ్యాలె.