వైద్యం ఖర్చుకు మార్కెట్ కళ్లెం వేయగలదా?

నమస్కారం. పోటీ పెరిగితే వైద్యం చవకవుతుందా? ఈ వీడియోలో ఆ ఒక్క ప్రశ్నే తీసుకుందాం. ఫోన్లు, విమాన టికెట్లు పోటీ వల్లే చవకయ్యాయి, మరి ఆసుపత్రి బిల్లు ఎందుకు తగ్గదు అని చాలామంది అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెబితే సగమే చెప్పినట్టు. ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ తగ్గదో మీరే తేల్చుకునే పద్ధతి చూపిస్తాను. ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి.

కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘పోటీ పనిచేసేవి’ అని, కుడివైపు ‘పనిచేయనివి’ అని రాయండి. ఏ మందు, ఏ టెస్టు, ఏ ఆపరేషన్ తీసుకున్నా మూడు సంగతులు చూడాలి. కొనే మనిషికి ఆలోచించుకునే టైమ్ ఉందా? తను కొంటున్నదేమిటో తనకు తెలుసా? అదే ఇంకొకరి దగ్గర దొరుకుతుందా? మూడింటికీ అవునని వస్తే ఎడమవైపు రాయండి. ఒక్కటి లేకపోయినా కుడివైపే.

ముందు మందులతో మొదలుపెడదాం. మందు కనిపెట్టిన కంపెనీకే కొన్నేళ్లపాటు ఉండే హక్కును పేటెంట్ అంటారు. ఆ గడువు తీరిన మందును ఏ కంపెనీ తయారుచేసినా లోపల ఉండే రసాయనం ఒకటే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఒక లెక్క తీసింది. అలాంటి మందును చేసే జెనరిక్ కంపెనీ ఒక్కటి రంగంలోకి దిగితే ధర సుమారు 39 శాతం తగ్గింది. ఆరు, అంతకంటే ఎక్కువ కంపెనీలు వచ్చిన చోట 95 శాతానికి పైగా పడిపోయింది. పోటీ అంటే ఇదీ.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది గుర్తుంచుకోవాల్సింది. 2000 ప్రాంతంలో హెచ్‌ఐవీకి మూడు మందుల చికిత్స ఒక్కో రోగికి ఏడాదికి 10 వేల డాలర్లకు పైనే అయ్యేది. 2001 ఫిబ్రవరిలో మన దేశపు మందుల కంపెనీ సిప్లా అధినేత యూసఫ్ హమీద్, అదే చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవా సంస్థకు చెప్పారు. తర్వాత మరిన్ని కంపెనీలు రావడంతో ధర 100 డాలర్ల లోపుకి దిగింది. ఎన్ని లక్షల ప్రాణాలు నిలబడ్డాయో ఆలోచించండి. అయితే ఆ పోటీ దానంతట అది పుట్టలేదు. 1970 నాటి భారత పేటెంట్ చట్టం మందుల తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంట్ ఇవ్వలేదు. అందుకే వేరే పద్ధతిలో తయారుచేయడానికి కంపెనీలకు దారి దొరికింది. చట్టం తలుపు తెరిస్తే మార్కెట్ లోపలికి వచ్చింది. ఈ వరుస మర్చిపోకండి.

ఇప్పుడు కుడివైపుకి వద్దాం. గుండెపోటు వచ్చిన మనిషి అంబులెన్సులో పడుకుని నాలుగు ఆసుపత్రుల రేట్లు పోల్చి చూడలేడు. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

అసలు చిక్కు రెండో ప్రశ్న దగ్గర ఉంది. ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1963లోనే దీని గురించి రాశారు. మనకేం జబ్బు చేసిందో, దానికేం కావాలో మనకంటే డాక్టర్‌కే బాగా తెలుసు. అంటే ఏం కొనాలో చెప్పేదీ, అమ్మేదీ ఒకే మనిషి. టైమ్ ఉన్నప్పుడు కూడా ఈ చిక్కు పోదు. అమెరికాలో కాలికి ఎంఆర్ఐ స్కాన్ తీయించుకున్నవాళ్ల మీద ఒక అధ్యయనం జరిగింది. స్కాన్ అత్యవసరం కాదు, ఏ మెషీన్‌లో తీసినా పెద్ద తేడా ఉండదు, ధరలు చూసుకునే సౌకర్యమూ ఉంది. అయినా సగటున ఒక్కో రోగి తక్కువ ధర ఉన్న ఆరు సెంటర్లను దాటుకుని ఖరీదైన చోటికి వెళ్లారు. ఎందుకు? డాక్టర్ అక్కడికి రాసిచ్చారు కాబట్టి. ధరల సౌకర్యాన్ని వాడుకున్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ధరల బోర్డు పెట్టేస్తే చాలు, మార్కెట్ చూసుకుంటుంది అనేవాళ్లకు ఈ అధ్యయనం చూపించండి.

ఖర్చులో కొంత రోగి జేబులోంచే పెట్టిస్తే జాగ్రత్త పడతారు కదా అని ఇంకో వాదన ఉంది. దాన్ని 1970ల్లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ పెద్ద ఎత్తున పరీక్షించింది. కొన్ని కుటుంబాలకు వైద్యం పూర్తిగా ఉచితం, మరికొన్ని కుటుంబాలు ఒక పరిమితి దాకా బిల్లులో ఎక్కువ భాగం తామే కట్టుకోవాలి. కట్టుకున్నవాళ్ల ఖర్చు సుమారు 30 శాతం తక్కువగా తేలింది. వాదన నెగ్గినట్టే కనిపిస్తుంది. కానీ వాళ్లు మానేసింది అనవసరమైన వైద్యాన్నే కాదు, కావలసినదాన్ని కూడా దాదాపు అంతే మానేశారు. బీపీ ఉన్న పేదల్లో, ఉచిత వైద్యం దొరికినవాళ్లకే బీపీ బాగా అదుపులోకి వచ్చింది. డబ్బు లేక బీపీ మాత్ర ఆపేసిన మనిషిని చూపించి ఖర్చు తగ్గిందనడం నాకు దుర్మార్గంగా అనిపిస్తుంది.

పైగా ఆ జాగ్రత్తతో మిగిలేదీ తక్కువే. అమెరికాలో మొత్తం వైద్య ఖర్చులో సగం దాకా కేవలం 5 శాతం మంది మీదే అవుతుంది. క్యాన్సర్, కిడ్నీ జబ్బు, పెద్ద ఆపరేషన్లు. వాళ్లు జేబులోంచి కట్టాల్సిన పరిమితి త్వరగానే దాటిపోతుంది, మిగతాదంతా ఇన్సూరెన్సే కడుతుంది. ఆ తర్వాత వాళ్లు ధరలు చూసినా చూడకపోయినా తేడా ఏముంది?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బేరం ఆడాల్సింది రోగి కాదు, లక్షలమంది తరఫున డబ్బు కట్టే సంస్థ. అమెరికా తన జీడీపీలో సుమారు 17 శాతం వైద్యానికి పెడుతుంది. జర్మనీ, ఫ్రాన్స్ 12 శాతం దగ్గర ఉన్నాయి. అమెరికన్లు డాక్టర్ దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తున్నారా అంటే లేదు. అదే సేవకు ఎక్కువ ధర కడుతున్నారు. అక్కడే మేరీల్యాండ్ రాష్ట్రం 1970ల నుంచి వేరే దారి పట్టింది. ఆసుపత్రి రేట్లను ఒక కమిషన్ నిర్ణయిస్తుంది, ఏ ఇన్సూరెన్స్ కంపెనీ అయినా అదే రేటు కట్టాలి.

మరి కుడివైపున పోటీకి చోటే లేదా? ఉంది, ఇంగ్లండ్‌ని చూడండి. 2000ల మధ్యలో అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ రేట్లను స్థిరంగా ఉంచి, ఆసుపత్రిని ఎంచుకునే హక్కు రోగులకు ఇచ్చింది. ధర మీద పోటీపడే వీల్లేదు కాబట్టి ఆసుపత్రులు నాణ్యత మీద పోటీపడ్డాయి. పోటీ ఎక్కువున్న ప్రాంతాల్లో గుండెపోటు మరణాలు మరింత తగ్గాయని అధ్యయనాలు చెప్పాయి. వాటి మీద వాదనలు జరిగాయి, కానీ నాకు ఆ ఏర్పాటు అర్థవంతంగా తోస్తుంది.

ఇప్పుడు మీ వంతు. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మెషీన్‌తో శుద్ధిచేసే డయాలిసిస్‌ని ఎటువైపు రాస్తారు? వీడియో ఆపి ఆలోచించండి.

టైమ్ ఉంది, ఏళ్లపాటు సాగే చికిత్స. రోగికి అందులో ప్రతి అడుగూ తెలుసు. మొదటి రెండూ అవుననే వచ్చాయి. మూడోది? సాధారణంగా వారానికి మూడుసార్లు వెళ్లాలి కాబట్టి ఇంటికి దగ్గర్లో ఉన్న సెంటరే గతి. అమెరికాలో ఎక్కువ సెంటర్లు రెండే కంపెనీల చేతిలో ఉన్నాయి. ప్రభుత్వం రేటు నిర్ణయించిన రోగులకు అయ్యే దానికంటే ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు అదే చికిత్సకు ఎన్నో రెట్లు కడుతున్నాయి. కాబట్టి కుడివైపే రాయండి. మోకాలి మార్పిడి, కాన్పు, కళ్లజోడు, క్యాన్సర్ మందులు మీరు పూర్తిచేయండి. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో దాని పక్కన గుర్తు పెట్టుకోండి. చట్టం జోక్యం చేసుకోవాల్సింది సరిగ్గా అక్కడే.