ఒక అకౌంటు, రెండు కంప్యూటర్లు: ఏది తాజా ప్రతి?

అందరికీ నమస్కారం.

కడపలో ఆఫీసు, ప్రొద్దుటూరులో ఇల్లు ఉన్న ట్యాక్స్ కన్సల్టెంట్లు, బడిలో మొదలుపెట్టిన ప్రశ్నపత్రాన్ని ఇంట్లో ముగించే టీచర్లు, పగలు షాపులో, రాత్రి ఇంట్లో పెళ్లిపత్రికలు చేసే డీటీపీ వాళ్లు ఈ హాల్లో ఉన్నారు. పెన్‌డ్రైవ్ మోసే పని వద్దని, ఫైళ్లను ఇంటర్నెట్ ద్వారా రెండు కంప్యూటర్లలోనూ ఒకేలా ఉంచే (దీన్నే సింక్ అంటారు) వన్‌డ్రైవో గూగుల్ డ్రైవో డ్రాప్‌బాక్సో పెట్టుకొని, రెండు చోట్లా ఒకే అకౌంటుతో లాగిన్ అయ్యారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఒకరోజు పొద్దున్నే ఫోన్ వస్తుంది: "నిన్న సాయంత్రం చేసిందంతా యాడికి పోయింది సార్?"

యాడికీ పోలేదు. చాలాసార్లు అది ఆఫీసు కంప్యూటర్లోనే, ఇంకా బయలుదేరకుండా ఉంటుంది.

సేవ్ కొట్టగానే ఫైలు చేరేది మీ హార్డ్ డిస్కులోకి మాత్రమే. సింక్ ప్రోగ్రాం ఆ మార్పును పసిగట్టి సర్వరుకు, అంటే ఆ కంపెనీ నెట్‌లో నడిపే కంప్యూటరుకు, పంపాలి, అక్కడి నుంచి రెండో కంప్యూటర్ దించుకోవాలి. ఆరు గంటలకు సేవ్ కొట్టి, బస్సు పోతుందని ల్యాప్‌టాప్ మూత వేస్తే అది నిద్రలోకి పోతుంది, ఫైలు అక్కడే ఆగుతుంది. కరెంటు పోయి రూటర్ ఆరిపోయినా ఇంతే. ఇంట్లో తెరిస్తే నిన్నటి ప్రతి కనిపిస్తుంది, దాని మీదే రాత్రి పదింటి దాకా పని చేస్తారు. మర్నాడు ఆఫీసు కంప్యూటర్ మేలుకొని తన మార్పులు పంపబోతే, సర్వర్లో ఇంటి ప్రతి కూర్చొని ఉంటుంది. రెండూ ఒకే పాత ఫైలు నుంచి పుట్టినవే. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు.

అప్పుడు సర్వర్ తీర్పు చెప్పదు. చెప్పకపోవడమే మన అదృష్టం. రెండింటినీ ఉంచుతుంది. డ్రాప్‌బాక్స్ ఒకదాని పేరుకు 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అని తేదీతో సహా చేరుస్తుంది. వన్‌డ్రైవ్ ఆ కంప్యూటర్ పేరు తగిలిస్తుంది. మన కడపలో సి.పి. బ్రౌన్ దొర పండితులను పెట్టుకొని, చోటుచోటు నుంచి తెప్పించిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు తేల్చింది ఇలాంటి పనే. ఆయనకు జీతం ఇచ్చి పెట్టుకున్న పండితులు ఉన్నారు. మన జీఎస్టీ షీటుకు ఆ పండితులం మనమే, అదీ రిటర్ను గడువు చివరి రోజున.

అందుకే నేను మొదట చెప్పేది చాలా చిన్న పని. రెండు కంప్యూటర్లకూ పేర్లు పెట్టండి. విండోస్ తనంతట ఇచ్చే పేరు 'డెస్క్‌టాప్' అని మొదలై, వెనక అర్థం లేని అక్షరాలు, అంకెలతో ఉంటుంది. అది ఫైలు పేరుకు తగిలితే ఏది ఏ ఊరిదో ఎవరికి తెలుస్తుంది? సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్, అక్కడ రీనేమ్. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఆఫీస్' అని ఒకదానికి, 'హోమ్' అని ఇంకొకదానికి పెట్టి రీస్టార్ట్ చేయండి. చాలు.

రెండోది అలవాటు. మూత వేసే ముందు గడియారం పక్కనున్న మేఘం గుర్తు వైపు ఒకసారి చూడండి. బాణాలు తిరుగుతుంటే ఆగండి. ఇంట్లో కూర్చున్నాక కూడా ఫైలు తెరవకముందే చూడండి. ఒక ఫైలు ఒక సమయంలో ఒక చోటే తెరిచి ఉండాలి. ఆఫీసులో ఎక్సెల్ తెరిచే ఉంచి ఇంటికి వస్తే గొడవను మనమే పిలిచినట్టు. గూగుల్ డాక్స్‌లో ఈ బాధ లేదు, అక్కడ రాత నేరుగా సర్వర్లోనే జరుగుతుంది. వన్‌డ్రైవ్‌లో ఆటోసేవ్ ఉన్న వర్డ్, ఎక్సెల్ కూడా చాలావరకు సర్దుకుంటాయి. ఫొటోషాప్, పేజ్‌మేకర్ సర్దుకోవు.

బాణాలు ఎంతకీ ఆగకపోతే రెండు చూడండి. ఫోన్ హాట్‌స్పాట్‌ను విండోస్‌లో 'మీటర్డ్' (డేటా లెక్కగా వాడాల్సిన కనెక్షన్) అని పెట్టుకొని ఉంటే వన్‌డ్రైవ్ తనంతట ఆగిపోతుంది, డేటా ఆదా చేస్తున్నాననుకుంటుంది పాపం. పాత డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉండవచ్చు. తేదీ తప్పితే సర్వర్‌తో భద్రమైన కనెక్షనే కుదరదు. పాస్‌వర్డ్ తప్పేమోనని మార్చుకుంటూ కూర్చునేవాళ్లు ఎక్కువమందే.

ఇక ఎక్కువ నష్టం చేసేది డిలీట్. ఇంటి ల్యాప్‌టాప్‌లో జాగా చాలక, "ఆఫీసులో ఎట్లాగూ ఉంది కదా" అని ఫోల్డర్ తీసేస్తారు. ఆ డిలీట్ కూడా ఒక మార్పే. సింక్ దాన్ని బుద్ధిగా ఆఫీసుకు మోసుకుపోతుంది. జాగా కావాలంటే వన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫ్రీ అప్ స్పేస్' కొట్టండి. పేరు కనిపిస్తుంది, సరుకు సర్వర్లో ఉంటుంది, పక్కన నీలి మేఘం వస్తుంది. నెట్ లేని చోటికి పోతుంటే మాత్రం ఆ మేఘం ఉన్న ఫైలు తెరుచుకోదు. ముందురోజే 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టుకోవాలి. పొరపాటున డిలీట్ చేసినవి గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో, సొంత వన్‌డ్రైవ్ అకౌంటు రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి.

వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి. రెండు చోట్లా డెస్క్‌టాప్ (తెర మీది ఫైళ్లు, ఐకాన్లు) బ్యాకప్‌కు 'ఓకే' కొట్టేస్తే రెండు డెస్క్‌టాప్‌లూ కలిసి ఒకటవుతాయి. ఆఫీసులో లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాం ఐకాన్ ఇంట్లో కనిపిస్తుంది, నొక్కితే ఏమీ రాదు. సింక్ ఫైళ్లను మోస్తుంది, ప్రోగ్రాములను కాదు. ఒక చోట ఆ బ్యాకప్ ఆపేయడం నా సలహా.

టాలీ పేరెత్తాం కాబట్టి చెబుతున్నా, దాని డేటా ఫోల్డర్‌ను సింక్ ఫోల్డర్లో పెట్టొద్దు. టాలీలో ఒక కంపెనీ అంటే ఒక ఫైలు కాదు, చాలా ఫైళ్ల గుంపు. ఒక వోచర్ ఎక్కిస్తే వాటిలో కొన్ని కలిసి మారతాయి. సింక్ వాటిని విడివిడిగా మోస్తుంది. మధ్యలో నెట్ పోతే ఇంటికి కొన్ని కొత్తవి, కొన్ని పాతవి చేరతాయి, డేటా పాడవుతుంది. కంపెనీ మూసేసి, టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ను మాత్రం సింక్ ఫోల్డర్లో వేయండి. ఇంట్లో రీస్టోర్ చేసుకోండి. రీస్టోర్ పాతదాన్ని తుడిచేస్తుందని మరిచిపోవద్దు.

డీటీపీ మిత్రులకు: పేజీ ఫైలు వస్తుంది, అను తెలుగు ఫాంట్లు రావు, వాటిని రెండో చోట విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. ఫొటోలు పేజీ ఫైలు పక్కనే, అదే ఫోల్డర్లో పెట్టుకోండి. సీ డ్రైవ్‌లో యూజర్ పేరు రెండు చోట్లా వేరైతే, ప్రోగ్రాం ఫొటోల కోసం పాత దారి పట్టుకొని వెతికి, దొరకలేదంటుంది. జాగా కూడా చూసుకోవాలి. ఉచితంగా దొరికేది గూగుల్‌లో 15 జీబీ, అదీ జీమెయిల్, ఫొటోలతో కలిపి. వన్‌డ్రైవ్‌లో 5, డ్రాప్‌బాక్స్‌లో 2. ఫ్లెక్సీ డిజైన్లు నాలుగు రోజుల్లో దాన్ని నింపేస్తాయి. నిండితే సింక్ ఆగుతుంది.

చివరగా, సింక్ ఉంది కదా అని బ్యాకప్ మానేయొద్దు. వైరస్ పాడుచేసిన ఫైలును కూడా అది అంతే శ్రద్ధగా రెండో చోటికి చేరుస్తుంది. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, వారానికొకసారి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. గుచ్చి ఉంచితే దానికీ అదే గతి.

ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి, కంప్యూటర్ పేరు మార్చడం నుంచి మొదలుపెడదాం.